అప్పు సవరించడమా? ఇల్లు వేలం వెయ్యడమా?

కిందటేడు మన కామర్స్ అసోసియేషన్ వారు నన్ను పిలిచి బ్యాంకుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను యీ కాలేజీలోనే చదువుకుని, బ్యాంకులో చేరి, ఉద్యోగం చివరి తొమ్మిదేళ్లూ వసూళ్ల విభాగంలో గడిపి రిటైరైన వాణ్ణి. మాట్లాడేను. చప్పట్లు కొట్టేరు. టీ ఇచ్చేరు. తిరిగి వెళ్తుంటే స్కూటర్ స్టాండు దగ్గర ఎం.కాం. మొదటి సంవత్సరం కుర్రాడొకడు నా కోసం నిలబడి వున్నాడు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చేతిలో పెట్టేడు. వాళ్ల నాన్నగారి పేర బ్యాంకు పంపిన నోటీసు అది. 60 రోజుల్లో మొత్తం బాకీ చెల్లించకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని వుంది.

"సార్, మా నాన్న ఎగ్గొడతానని అనడం లేదు. కంపెనీలో జీతం తగ్గించేరు. నెలకి పధ్నాలుగు వేలు కట్టలేను, పదకొండు వేలు కడతానంటున్నాడు. ఇల్లు వేలం వేస్తే వాళ్లకి మాత్రం ఏం కలిసొస్తుంది? ఆ పదకొండు వేలూ తీసుకోవచ్చు గదా?"

జవాబు నాకు తట్టకపోలేదు. కాని అక్కడ, ఎండలో నిలబడి, సగమే చెప్పేను. మిగతా సగం చెప్పడానికే యీ వ్యాసం. అతని ప్రశ్న అతనొక్కడిదే కాదు. 2008 తర్వాత అమెరికాలో లక్షలాది కుటుంబాలు అదే ప్రశ్న అడిగేయి. మన పూర్వ విద్యార్థులు అక్కడ చాలామంది వున్నారు. వారిలో కొందరికి యీ సంగతి పుస్తకాల్లో చదివినది కాదు, ఇంటి గుమ్మంలోకి వచ్చినది. యీ విషయాన్ని లెక్కలు కట్టి, వాదాలు పెట్టుకుని, చట్టాలు చేసి అరటిపండు ఒలిచినట్టు బయటపెట్టింది కూడా అక్కడే. అందుచేత ముందు అమెరికా సంగతి చెప్పి, ఆ తర్వాత మన కుర్రాడి నోటీసు దగ్గరికి వస్తాను.

అక్కడ ఇళ్ల ధరలు 2006లో శిఖరానికి చేరి, తర్వాత కూలడం మొదలుపెట్టేయి. దేశం మొత్తం మీద పడింది నూటికి ముప్ఫై వరకూ అయితే, లాస్ వేగాస్ వంటి చోట్ల సగానికి సగం కంటే ఎక్కువే పడిపోయింది. రెండు లక్షల డాలర్లు అప్పున్న ఇంటి ధర లక్షా నలభై వేలకి దిగింది. దానికి తోడు ఉద్యోగాలు పోయేయి. ఇక్కడ ఒక ముక్క గమనించాలి. ఇంటి ధర అప్పుకంటే తక్కువైనంత మాత్రాన జనం ఇళ్లు వదిలేసి పోరు. 1991లో బోస్టన్ ప్రాంతంలో ఇలాగే ధరలు పడినప్పుడు, అప్పుకంటే తక్కువ విలువైన ఇళ్లలో వున్న వారిలో, తర్వాతి మూడేళ్లలో ఇల్లు పోగొట్టుకున్నవారు నూటికి పదిమంది కూడా లేరని ఆర్థికవేత్తలు లెక్క తేల్చేరు. రెండు దెబ్బలూ కలిసి తగలాలి. ఇంటి ధర పడాలి, సంపాదనా పోవాలి. ధర పడకుండా సంపాదన ఒక్కటే పోతే, ఇల్లు అమ్ముకుని అప్పు తీర్చి బయటపడతారు. సంపాదన వుండి ధర ఒక్కటే పడితే, పళ్లు బిగబట్టుకుని వాయిదాలు కడుతూనే వుంటారు. రెండూ కలిసినప్పుడే ఫైలు మా వంటి వాళ్ల బల్ల మీదికి వస్తుంది.

సరే, ఫైలు వచ్చింది. ఎదురుగా రెండు దారులు. అప్పు షరతులు సవరించడం ఒకటి: వడ్డీ తగ్గించవచ్చు, గడువు పెంచవచ్చు, అసలులో కొంత పక్కన పెట్టవచ్చు. ఇల్లు జప్తు చేసి అమ్ముకోవడం రెండోది. ఏ దారిలో ఎక్కువ డబ్బు వస్తే ఆ దారి పట్టాలి. వినడానికి యింతే. దీనికి వాళ్లు వాడే కొలత 'ప్రస్తుత విలువ'. ముప్ఫై యేళ్లపాటు నెలనెలా వచ్చే డబ్బును ఇవాళ్టి డబ్బులోకి మార్చి చూడడం అన్నమాట. కామర్స్ విద్యార్థులకి యిది కొత్త కాదు. తక్కినవారి కోసం నేనే కల్పించిన లెక్కొకటి వేస్తాను. కాగితం, పెన్సిలు తీసుకుంటే మంచిది.

అప్పు 2,00,000 డాలర్లు, వడ్డీ 6.5 శాతం, గడువు 30 యేళ్లు. నెల వాయిదా 1,264 డాలర్లు. ఇంటి ధర ఇప్పుడు 1,40,000. ఆసామీ సంపాదన పడిపోయింది. జప్తుకి వెళ్తే బ్యాంకుకి లక్షా నలభై వేలు రావు. కోర్టు, లాయరు, బాకీపడ్డ ఇంటి పన్ను, ఏడాదిన్నర కాలయాపన, మనుషులు లేని ఇంట్లో పాడైన గోడలూ పగిలిన గొట్టాలూ, వీటన్నిటికీ తోడు 'జప్తు ఇల్లు' అనే పేరు. మాసచూసెట్స్ రాష్ట్రంలో అమ్మకాలు పరిశీలించి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, జప్తు ఇల్లు మామూలు ఇంటికన్నా సుమారు 27 శాతం తక్కువకి పోతున్నట్టు తేలింది. కాబట్టి బ్యాంకు చేతికి నికరంగా 90,000 వస్తుందనుకుందాం.

ఇక సవరణ. వడ్డీ 3.125 శాతానికి దించితే నెల వాయిదా 857 డాలర్లు అవుతుంది. అది ముప్ఫై యేళ్లూ సక్రమంగా వస్తుందనుకుని, 5 శాతం చొప్పున ఇవాళ్టి విలువ కడితే సుమారు 1,60,000. ఒకవైపు లక్షా అరవై, ఇంకోవైపు తొంభై. ఇందులో ఆలోచించడానికి ఏముంది? మన కుర్రాడి ప్రశ్న సరిగ్గా ఇదే. 2008, 2009 సంవత్సరాల్లో అమెరికా పత్రికల్లో పెద్దమనుషులు చాలామంది అడిగిందీ ఇదే.

కాని లెక్క యింకా పూర్తి కాలేదు. సవరించిన అప్పులన్నీ నిలబడవు. కొన్ని మళ్లీ తప్పుతాయి. అలా తప్పినప్పుడు మళ్లీ జప్తే గతి. ఈలోగా ధర యింకా పడివుంటుంది, ఇల్లు యింకా పాడైవుంటుంది. అప్పుడు 80,000 వస్తుందనుకుందాం. నూటికి నలభైమంది మళ్లీ తప్పుతారనుకుంటే, సవరణ విలువ లక్షా అరవైలో అరవై శాతం, ఎనభై వేలలో నలభై శాతం కలిపి 96,000 + 32,000, అంటే 1,28,000. ఇంకా తొంభై కంటే ఎక్కువే గదా అంటారు. నిజమే. అసలు మెలిక అవతలి పక్కన వుంది.

సవరించకపోతే వచ్చేది తొంభై వేలని మనం అనుకున్నాం. అది తప్పు. సవరించకపోయినా కొందరు తమంతట తామే కోలుకుంటారు. కొత్త ఉద్యోగం దొరుకుతుంది, బావమరిది సాయం చేస్తాడు, ఇల్లు అమ్ముకుని బాకీ తీర్చేస్తారు. ఏ తగ్గింపూ ఇవ్వకుండానే వాళ్ల దగ్గర మొత్తం రెండు లక్షలూ వస్తాయి. అలా కోలుకునేవాళ్లు నూటికి ముప్ఫైమంది అనుకుంటే, సవరించని దారి విలువ 60,000 + 63,000, అంటే 1,23,000. ఒకవైపు 1,28,000, ఒకవైపు 1,23,000. లక్షా అరవైకీ తొంభైకీ మధ్య కనపడ్డ డెబ్భై వేల తేడా ఐదు వేలకి కుంచించుకుపోయింది. ఇప్పుడు మళ్లీ తప్పేవాళ్లు నలభై కాక యాభైమంది అనుకోండి. సవరణ విలువ 80,000 + 40,000, లక్షా ఇరవై వేలు. త్రాసు అటు ఒరిగింది. ఇల్లు వేలానికి వెళ్తుంది. అప్పు తీసుకున్న మనిషి ఏమీ మారలేదు. గుమాస్తా గడిలో వేసిన అంకె ఒక్కటే మారింది.

యీ రెండు అంకెలూ నా ఊహ కాదు. అడెలినో, జెరార్డి, విలెన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2009లో యీ విషయం మీద రాసిన పరిశోధన చాలా చర్చ లేపింది. తీవ్రంగా బాకీపడ్డవారిలో, ఏడాది లోపల నిజంగా వాయిదా తగ్గే సవరణ దొరికినవారు నూటికి ముగ్గురే. ఏ సవరణా లేకుండా కోలుకున్నవారు నూటికి ముప్ఫై దాకా వున్నారు. సవరణ పొందినవారిలో నూటికి ముప్ఫై నుంచి నలభై అయిదుమంది ఆరు నెలల్లోనే మళ్లీ తీవ్రమైన బాకీలో పడ్డారు. బ్యాంకులు మూర్ఖంగా ప్రవర్తించడం లేదు, తమ లాభం చూసుకునే ప్రవర్తిస్తున్నాయి అన్నది వాళ్ల వాదం.

దీన్నిబట్టి ఒక విచిత్రం బయటపడుతుంది. బొత్తిగా సంపాదన లేనివాడికి సవరణ ఇవ్వరు, ఎలాగూ నిలబడలేడని. తేరుకునేటట్టు కనపడేవాడికీ ఇవ్వరు, ఎలాగూ కడతాడని. ఈ రెండిటికీ నడుమ, సాయం చేస్తే నిలబడి, చెయ్యకపోతే పడిపోయేవాడొకడుంటాడు. వాడికి ఇస్తే లాభం. కాని వాడు ఎవడో ముఖం చూసి చెప్పలేం. తొమ్మిదేళ్లు ఆ కుర్చీలో కూర్చున్న నేను యీ మాట మనస్ఫూర్తిగా చెప్పగలను. వచ్చిన ప్రతివాడూ ఆ నడిమివాడి లాగే మాట్లాడతాడు.

అయితే ఆ ముగ్గురి వాదంతోనే కథ ముగియలేదు. సవరణలు నిలబడకపోవడానికి సవరణలు సరిగా చెయ్యకపోవడం కూడా కారణం. 2008 ప్రాంతంలో చేసిన సవరణలు చాలావాటిలో బాకీపడ్డ వాయిదాలూ, జరిమానాలూ అసలులో కలిపేసేరు. దాంతో నెల వాయిదా తగ్గకపోగా పెరిగింది. కట్టలేనివాణ్ణి ఇంకాస్త ఎక్కువ కట్టమంటే ఏం కడతాడు? తర్వాత జరిగిన పరిశీలనల్లో స్పష్టమైంది ఏమంటే, నెలనెలా చేతినుంచి పోయే డబ్బు ఎంత తగ్గితే నిలబడేవాళ్లు అంత పెరుగుతారు. గానోంగ్, నోయెల్ అనే ఆర్థికవేత్తల పరిశోధన ప్రకారం వాయిదాలో 10 శాతం తగ్గిస్తే తప్పేవాళ్లు సుమారు 22 శాతం తగ్గేరు. వాయిదా అలాగే వుంచి అసలు మాత్రం కొట్టేస్తే ఫలితం కనపడలేదు. మన వూళ్లో ఏ కిరాణా కొట్టు శెట్టిగారినడిగినా యీ మాటే చెప్తారు. ఖాతాలో మొత్తం బాకీ ఎంతన్నది ఆయన కాతాదారుకి బెంగ కాదు, ఒకటో తారీకున ఎంత కట్టాలన్నదే బెంగ.

ఒబామా ప్రభుత్వం 2009 ఫిబ్రవరిలో ప్రకటించిన 'హ్యాంప్' పథకం యీ నెల వాయిదా మీదనే నిలబడింది. ఇంటి పన్నూ బీమాతో కలిపి నెల వాయిదా ఆసామీ స్థూల ఆదాయంలో 31 శాతానికి తేవాలి. దానికి మెట్లున్నాయి. మొదట బాకీపడ్డ మొత్తం అసలులో కలపాలి. తర్వాత వడ్డీని 2 శాతం దాకా దించవచ్చు. అదీ చాలకపోతే గడువు 40 యేళ్లకి పెంచవచ్చు. అప్పటికీ చాలకపోతే అసలులో కొంత భాగాన్ని వడ్డీ లేకుండా చివరికి నెట్టవచ్చు. ఆ మీదట నేను పైన వేసినటువంటి లెక్క, ప్రభుత్వం ఇచ్చిన సూత్రంతో, కంప్యూటరులో వేసి చూడాలి. సవరణ విలువ ఎక్కువని తేలితే సవరించి తీరాలి. మూడు నెలలు పరీక్షగా కట్టించి, కడితే ఖాయం చెయ్యాలి. వసూలు కంపెనీకి ఖాయమైన ప్రతి సవరణకీ వెయ్యి డాలర్లు బహుమానం. 30 నుంచి 40 లక్షల కుటుంబాలకి మేలు జరుగుతుందని ప్రకటించేరు. 2016 ఆఖరుకి పథకం మూసేటప్పటికి ఖాయమైనవి 16 లక్షలు దాటేయి. అనుకున్నదాంట్లో సుమారు సగం.

మిగతా సగం ఏమైందని అడిగితే, 'వసూలు కంపెనీ' అన్న మాట దగ్గర ఆగాలి. అమెరికాలో అప్పు ఇచ్చిన బ్యాంకు ఆ అప్పును తన దగ్గర వుంచుకోదు. వేలాది అప్పులు మూటగట్టి, ఆ మూటమీద పత్రాలు రాసి, ప్రపంచమంతా అమ్మేస్తుంది. మీ నెల వాయిదా వసూలు చేసి ఆ పత్రాల సొంతదార్లకి పంచేది వేరే కంపెనీ. దానికి దక్కేది మిగిలివున్న అసలుమీద ఏడాదికి పావు శాతం నుంచి అర శాతం రుసుము. అంటే నష్టం ఎవరిదో నిర్ణయం వాళ్లది కాదు, నిర్ణయించేవాళ్లకి నష్టం లేదు. పైగా ఆసామీ కట్టకపోయినా పత్రాల సొంతదార్లకి వాయిదా డబ్బు కంపెనీ తన చేతినుంచి ముందు చెల్లించాలి. ఇల్లు వేలం వేసిననాడు ఆ ముందు పెట్టిన డబ్బు, జరిమానాలు, ఖర్చులు అన్నిటికన్నా ముందుగా కంపెనీయే తీసుకుంటుంది. సవరణ చెయ్యాలంటే గుమాస్తాలు కావాలి, జీతం చీటీలు చూడాలి, ఫోనులో మాట్లాడాలి. వేలానికైతే లాయరు ఆఫీసు వుంది, అచ్చు ఫారాలు వున్నాయి. పెళ్లి సంబంధం కుదిర్చే పేరయ్యకి పెళ్లి జరిగితే వందా, చెడితే రెండు వందలూ ఇస్తామంటే ఎన్ని పెళ్లిళ్లు జరుగుతాయి? బ్యాంకు తన దగ్గరే వుంచుకున్న అప్పులకన్నా మూటగట్టి అమ్మిన అప్పులు జప్తుకి ఎక్కువగా వెళ్లేయని పిస్కోర్స్కీ, సేరు, విగ్ అనేవారు 2010లో చూపించేరు. ఆ ముందు చెప్పిన ముగ్గురూ యీ తేడా అంతగా లేదన్నారు. ఆర్థికవేత్తల తగువు అది. నా మటుకు నేను, డబ్బు ఎవరిదో నిర్ణయం వాళ్ల చేతిలో వుంటేనే లెక్క సరిగా పడుతుందన్న పక్షాన వుంటాను.

ఆచరణలో యింకా హీనంగా జరిగింది. పంపిన కాగితాలు అందలేదు, మళ్లీ పంపమనేవారు. ఒక గదిలో సవరణ దరఖాస్తు పరిశీలిస్తుంటే పక్క గదిలో అదే ఇంటికి వేలం తారీకు వేసేవారు. కాగితాలు చదవకుండా రోజుకి వందల ప్రమాణ పత్రాలమీద సంతకాలు చేసిన సంగతి 2010లో బయటపడింది. 2012 ఫిబ్రవరిలో అయిదు పెద్ద వసూలు సంస్థలు 49 రాష్ట్రాలతోనూ కేంద్ర ప్రభుత్వంతోనూ 2,500 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చేయి. 2014 జనవరి నుంచి కొత్త నిబంధనలు వచ్చేయి. బాకీ 120 రోజులు దాటందే జప్తు చర్య మొదలుపెట్టకూడదు. వేలానికి 37 రోజులకి మించి ముందుగా పూర్తి దరఖాస్తు అందితే, దాని సంగతి తేల్చకుండా అమ్మకూడదు.

ఇది మొదటిసారి కూడా కాదు. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఒక కార్పొరేషన్ పెట్టి, మునిగిపోతున్న గృహరుణాలు సుమారు పది లక్షలు తానే కొని, తక్కువ వడ్డీకి, ఎక్కువ గడువుకి మార్చింది. అయినా వాటిలో అయిదో వంతు ఇళ్లు చివరికి జప్తు కాక తప్పలేదు. ఆ రోజుల్లోనే మన సర్కారు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో వుండగా, రాజాజీ ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చి పాత వడ్డీలు కొట్టేసింది. మా తాతగారి తరం వారు ఆ చట్టాన్ని దేవుడి వరం లాగా చెప్పుకునేవారు. అప్పిచ్చిన ఇళ్లవాళ్లు మాత్రం వేరుగా చెప్పుకునేవారు లెండి.

ఇక మన దేశం సంగతి. ఇక్కడ లెక్క తలకిందులు. అమెరికాలో ఇంటి విలువ అప్పుకన్నా తక్కువ కావడంతో తగువు వచ్చింది. ఇక్కడ రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు అప్పుకి ఇంటి విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం మించి ఇవ్వకూడదు. నాలుగైదేళ్లు వాయిదాలు కట్టేసరికి అప్పు తరుగుతుంది, స్థలం ధర పెరుగుతుంది. మన కుర్రాడి నాన్నగారికి మిగిలిన అప్పు 12 లక్షలు, ఇల్లు 30 లక్షలు చేస్తుంది. వేలంలో అయినకాడికి అమ్మినా బ్యాంకుకి పైసా నష్టం లేదు. నష్టం లేని చోట రాయితీ ఎందుకిస్తారు? అప్పుకి తగ్గ విలువ లేని ఇల్లు బ్యాంకుని బేరానికి కూర్చోబెడుతుంది. అప్పుకి రెండింతల విలువైన ఇల్లు కూర్చోబెట్టదు. ఎక్కువ కట్టినవాడికే ఎక్కువ ప్రమాదం అన్నమాట. అన్యాయంగా తోస్తుంది, కాని లెక్క అలాగే వుంది.

రెండో కారణం ఖాతా పుస్తకాలది. 90 రోజులు వాయిదా తప్పితే అప్పు నిరర్థక ఆస్తి అవుతుంది. అంతకు ముందే జాలిపడి మేనేజరు గడువు పెంచుదామనుకుంటే, కష్టాల్లో వున్నవాడికి షరతులు సడలించిన అప్పు ఆ రోజునుంచే నిరర్థకం కింద లెక్క. 2015 ఏప్రిల్ నుంచి యీ పద్ధతి వుంది. కోవిడ్ కాలంలో, 2020 ఆగస్టులోనూ 2021 మేలోనూ, రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా సడలింపు ఇచ్చింది గనక అప్పట్లో చాలామందికి రెండేళ్ల వరకూ గడువు పెంచగలిగేరు. ఆ కిటికీ మూసుకుపోయింది. ఇప్పుడు సవరిస్తే మేనేజరు పుస్తకం బాగుపడదు, సంజాయిషీ మాత్రం రాసుకోవాలి. వేలం వేస్తే ఎవరూ ఏమీ అడగరు. 2002 నాటి సర్ఫేసీ చట్టం వచ్చేక కోర్టుకి వెళ్లవలసిన పని కూడా తప్పింది. 60 రోజుల నోటీసు, ఆ తర్వాత స్వాధీనం, 30 రోజుల అమ్మకం నోటీసు, వేలం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 2013లో ఒక ఫోటో స్టూడియో ఆయన ఫైలు నా దగ్గరికి వచ్చింది. సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియోలు మూతబడుతున్న కాలం. బాకీ ఎనిమిది లక్షలు, ఇల్లు ఇరవై లక్షల పైమాట. అయిదేళ్లు గడువు పెంచమని, అల్లుడు కూడా సంతకం పెడతాడని రాసుకున్నాడు. నేను మూడు వాక్యాల నోటు రాసేను: వ్యాపారం పుంజుకునే అవకాశం లేదు, తనఖా విలువ చాలినంత వుంది, చర్య తీసుకోవచ్చును. మూడూ నిజమే. వేలం జరిగింది, బ్యాంకు బాకీ చెల్లింది, మిగిలినది ఆయన ఖాతాలో వేసేం. అల్లుణ్ణి పిలిచి నీ జీతమెంత అని నేను అడగలేదు. అడగమని ఏ ఫారంలోనూ లేదు. ఆయన ఇప్పుడు మా వీధికి రెండు వీధుల అవతల అద్దెకుంటున్నాడు. కనపడితే నమస్కారం పెడతాడు.

స్కూటర్ స్టాండు దగ్గర నేను చెప్పని సగం యిది. ఆ వారంలోనే కుర్రాణ్ణి ఇంటికి రమ్మన్నాను. ఇద్దరం కూర్చుని లెక్క కట్టేం. 12 లక్షలు, 9 శాతం, మిగిలిన గడువు 12 యేళ్లు అయితే వాయిదా 13,700 దాకా వస్తుంది. గడువు 20 యేళ్లు చేస్తే 10,800. వాళ్ల నాన్నగారు చెప్పిన పదకొండు వేలు గాలిలో మాట కాదు, సరిగ్గా సరిపోయే అంకె. తొమ్మిది వేలని వుంటే నేనే తిప్పి పంపేవాణ్ణి. ఆ తొమ్మిదీ వడ్డీకే సరి, అసలు ఎన్నటికీ తీరదు. చిక్కల్లా వయసు. ఆయనకి 52. ఇరవై కలిపితే 72. చాలా బ్యాంకులు 70 దాటనివ్వవు. వాళ్ల అక్క టీచరుద్యోగం చేస్తోంది. ఆమెను సహరుణగ్రహీతగా చేర్చమని అడగవచ్చు.

"అక్కకి పెళ్లి చెయ్యాలి సార్, యీ అప్పులో ఇరికిస్తే ఎలా?" అన్నాడు.

"అది మీ ఇంట్లో మాట్లాడుకోవలసిన సంగతి బాబూ. బ్యాంకు దృష్టిలో మాత్రం నీ దరఖాస్తుకి బలమంతా ఆమె జీతమే" అన్నాను. రెండు రోజులు ఆగి, అక్కే ఒప్పుకుందని కబురు చేసేడు.

చట్టంలో 13(3ఎ) అని ఒక చిన్న సెక్షను వుంది. నోటీసు అందినవారు తమ అభ్యంతరం గాని విన్నపం గాని రాసి పంపితే, బ్యాంకు పరిశీలించి, ఒప్పుకోకపోతే కారణాలు చూపుతూ 15 రోజుల్లో జవాబివ్వాలి. దీన్ని వాడుకునేవారు తక్కువ. చాలామంది నోటీసు అల్మైరాలో పెట్టి దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. ఇంకొందరు మేనేజరుతో మాట్లాడేంలే అనుకుంటారు. మాట్లాడిన మాట ఫైలులో వుండదు. స్వాధీనం దాకా వస్తే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునలుకి వెళ్లవచ్చు. మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడే దాకానే. ఆ తర్వాత లేదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. వేలం రోజున డబ్బు తెస్తాం అనుకునేవారు యీ తేడా తెలుసుకోవాలి.

విన్నపంలో కష్టాలు నాలుగు పంక్తుల్లో ముగించి, మిగతాదంతా అంకెలే రాయించేను. పాత జీతం, కొత్త జీతం, అక్క జీతం చీటీలు, ఇంటి ఖర్చు, 20 యేళ్ల వాయిదా పట్టీ. ఎందుకంటే అవతల కూర్చున్నవాడు వెతికేది ఆ నడిమివాణ్ణి. వాడు వీడే అని కాగితం మీద చూపించాలి. రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచమన్నాను.

జవాబు పద్నాలుగో రోజున వచ్చింది. బాకీపడ్డ అయిదు వాయిదాలూ ఒకేసారి కడితే చర్య నిలిపివేస్తామని, కుమార్తెను చేర్చి గడువు పెంచే విషయం పై ఆఫీసుకి నివేదిస్తామని రాసేరు. బాకీ మొత్తం తీరితేనే నిరర్థక ఖాతా మళ్లీ మామూలు ఖాతా అవుతుంది గనక వాళ్లు అంతకన్నా రాయలేరు. ఇంట్లో వున్న బంగారం కుదువపెట్టి అయిదు వాయిదాలూ కట్టేరు. పై ఆఫీసునుంచి ఇంకా ఏమీ రాలేదు. అప్పటిదాకా పాత వాయిదాయే కడుతున్నారు, అక్క జీతంతో కలిపి. ఫిబ్రవరి దాకా కట్టేరట. మార్చి సంగతి, యీ వ్యాసం సంపాదకులకి పంపే నాటికి నాకు తెలియలేదు.